సర్కారు కంప

“ఇది పీకేస్తే పొయ్యిలోకి ఏం పెట్టేది సారూ?”

2011 మే నెలలో ఒక పొద్దున, జేసీబీ మోతలో నాకెదురుగా నిలబడి ఒక పెద్దమ్మ అడిగిన మాట ఇది. నేను సరైన బదులు చెప్పలేదు. బదులు చెప్పాల్సిన ప్రశ్న అని కూడా నాకప్పుడు తోచలేదు. “గ్యాసు వచ్చింది కదా పెద్దమ్మా” అని ఒక మాట అనేసి, డ్రైవరును ఇటువైపు రమ్మని చెయ్యి ఊపాను. ఆమె కాసేపు నిలబడి, తలమీది చుట్టగుడ్డ సర్దుకుని వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత ఇది రాయడానికి కూర్చున్నది ఆ మాట కోసమే.

అప్పట్లో నేను కడప జిల్లాలో, కమలాపురానికి దగ్గరి ఒక పల్లె హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పేవాణ్ణి. ఊరి చెరువుకు ఎగువన 9 ఎకరాల పోరంబోకు ఉండేది. దాన్నిండా కంప. చెరువుకు నీళ్ళు తెచ్చే వాగులోనూ అదే. ఒకచోట సర్కారు తుమ్మ అంటారు, ఒకచోట చిల్లచెట్టు అంటారు, మా వైపు సర్కారు కంప. పుస్తకాల్లో ప్రోసోపిస్ జూలిఫ్లోరా. పుట్టిల్లు మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవులు.

ఆ చెట్టును నేను పుస్తకాల్లో చూసి తెలుసుకున్నవాణ్ణి కాను. మా జేజి జీవితమంతా ఆ కట్టెతోనే వండింది. పచ్చి కంప కూడా పొయ్యిలో మండుతుంది, అది దాని గొప్ప గుణం. వానాకాలంలో తక్కిన కట్టెలన్నీ పొగ కక్కుతుంటే కంపమొద్దు మాత్రం నిప్పు నిలిపేది. కాల్లో ముల్లు విరిగితే జేజి నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, ఇంకో కంపముల్లుతోనే దాన్ని తీసి, ఆ చోట వేడి వేడి ఆముదం చుక్క వేసేది. ఆ రాత్రి కాలు సలిపిన సలుపు నాకింకా గుర్తే. అంత దగ్గరగా ఎరిగిన చెట్టును నేను నలభై దాటాక ఒక శిక్షణ తరగతిలో కొత్తగా చూడటం నేర్చుకున్నాను. అక్కడ తెరమీద బొమ్మలు వేసి, పరాయి దేశాల నుంచి వచ్చిన మొక్కలు మన నేలను ఎలా ఆక్రమిస్తున్నాయో చెప్పారు. చెప్పింది చాలావరకు నిజమే. కానీ నేను అక్కణ్ణుంచి తెచ్చుకున్నది ఆ నిజాన్ని కాదు, ఒక పగను. బడికి వచ్చి పిల్లల చేత “ఇది మన చెట్టు కాదు” అని పలికించాను. ఒకసారి కాదు, నెలల తరబడి. పదమూడేళ్ళ పిల్లలకు ఒక చెట్టును ద్వేషించడం నేర్పాను. నా తప్పుల్లో మొదటిది ఇదే అనుకుంటాను.

చందాలు పోగుచేశాం. ఊళ్ళో పెద్దలు ముందుకొచ్చారు, పంచాయితీ సరేనంది. జేసీబీ గంటల లెక్కన వచ్చింది. ఐదు రోజుల్లో 9 ఎకరాలు బోడిగుండు అయింది. ఫొటోలు తీసుకున్నాం. పేపర్లో జిల్లా పేజీలో వార్త వచ్చింది. పీకిన కంపను ఒక కాంట్రాక్టరు లారీల్లో ఎత్తుకుపోయాడు. ఆ డబ్బు జేసీబీ బాడుగకు సరిపోయిందని మేమంతా సంతోషపడ్డాం.

ఆ కంప ఎవరి బతుకో నాకు నెల తర్వాత తెలిసింది.

మా ఊళ్ళో బొగ్గులు కాల్చే ఇళ్ళు పదకొండు ఉండేవి. సెంటు భూమి లేనివాళ్ళు. మచ్చుకత్తి, గొడ్డలి, రెండు గడ్డపారలు, అదే వాళ్ళ ఆస్తి. వేరుశనగ పనులున్న రోజుల్లో కూలికి పోయేవాళ్ళు. వాన రాని ఏడు కూలి ఉండదు. అప్పుడు వాళ్ళను నిలబెట్టేది కంపే. ఎందుకంటే వాన రాకపోయినా అది పెరుగుతుంది. కరువు ఎంత గట్టిగా ఉంటే దాని విలువ అంత పెరుగుతుంది. ఈ సంగతి నాకు ఏ శిక్షణ తరగతిలోనూ ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

జూన్‌లో బడి తెరిచాక ముగ్గురు పిల్లలు రాలేదు. వాకబు చేస్తే ఆ పదకొండు ఇళ్ళ పిల్లలే. వాళ్ళ అమ్మానాన్నలు గుట్టకు పోతున్నారు, ఇంట్లో చిన్నపిల్లలను చూసుకోవడానికి వీళ్ళు ఆగిపోయారు. గుట్టకు ఎందుకని అడిగాను. కట్టెలకు, అన్నారు.

ఒక ఆదివారం నేనూ ఆ గుట్టెక్కాను. దారి పొడుగునా తాజాగా నరికిన మొద్దులు. బిల్లుడు, సండ్ర, రేల. కింద కంప ఉన్నన్నాళ్ళూ ఆ గుట్టమీది చెట్ల జోలికి ఎవరూ పోలేదు, పోవాల్సిన పని లేకపోయింది. ‘మన చెట్లు’ అని నేను పిల్లలకు బొమ్మలు గీసి చూపించిన చెట్లను, ‘మనది కాని’ చెట్టు ఇన్నేళ్ళుగా కాపాడుతూ వచ్చింది. ఒక రేల మొద్దు మీద కూర్చుండిపోయాను. అది నా తొడంత లావు ఉంది. అంత కావడానికి ఎన్నేళ్ళు పట్టిందో లెక్కపెడదామని వలయాలు వెతికాను. రంపంతో కోసిన మొద్దు కాదు, గొడ్డలి దెబ్బలకు పెచ్చులు లేచిపోయింది. ఏదీ కనపడలేదు.

సాయంత్రం దిగి వచ్చి ఆ పెద్దమ్మ ఇల్లు వెతుక్కుంటూ పోయాను. వాకిట్లో బట్టీ వేసి ఉంది. కోపంగా ఉంటుందనుకున్నా. మంచమేసి కూర్చోమంది. నేను తప్పు ఒప్పుకోవడానికి నోరు తెరిచేలోపే కంపను తనే తిట్టడం మొదలుపెట్టింది. “చెడ్డదే సారూ, ఎవరు కాదన్యారు? నా మొగుడి కంట్లో ముల్లు దిగి ఆ కన్ను పోయింది. గొర్రెలకు గడ్డి లేకుండా జేసింది. అయినా కూడు పెడ్తాంది. చెడ్డదాంతో కూడా ఏగాల గదా.”

ఆ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. నాకు చెట్టంటే మంచిది, లేకపోతే చెడ్డది. ఆమెకు అది రెండూ. మేం చదువుకున్నవాళ్ళం ఒకప్పుడు దాన్ని వరమన్నాం, తర్వాత శాపమన్నాం. ఆమె మాట మాత్రం మొదటినుంచీ ఒకటే.

వరమన్నది ఎవరో తర్వాత చదివి తెలుసుకున్నాను. తెలుసుకున్నప్పుడు ఒళ్ళు జలదరించింది. మద్రాసు ప్రెసిడెన్సీ అటవీ అధికారి, పేరున్న వృక్షశాస్త్రవేత్త లెఫ్టినెంట్ కల్నల్ రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ 1876లో పైవాళ్ళకు ఉత్తరం రాసి ఈ చెట్టు విత్తనాలు తెప్పించమని అడిగారు. రైలింజన్లు కట్టెలతో నడుస్తున్న రోజులు, వంటచెరకుకు కటకట. విత్తనాలు జమైకా నుంచి వచ్చాయి. 1877లో వాటిని మన దేశంలో మొట్టమొదట నాటిన చోటు కమలాపురం. మా బడికి 12 కిలోమీటర్లు. 1876, 1877 అంటే మన సీమలో ధాత కరువు. మనుషులు లక్షల్లో రాలిపోయిన కరువు. ఆకలితో ఎండిన ఆ నేలలోకి, నీళ్ళు అడగకుండా బతికే చెట్టు వచ్చింది. దాన్ని తెచ్చినవాళ్ళ తలపులో దుర్మార్గం నాకు కనపడలేదు. నేను చేసిన తప్పే వాళ్ళూ చేశారు. ఇది ఇక్కడ కుదురుకున్నాక ఏం చేస్తుంది, ఎక్కడ ఆగుతుంది అని అడగలేదు.

అది ఆగలేదు. దాని కాయలు తియ్యగా ఉంటాయి. మేకలు, గొర్రెలు, ఎద్దులు ఇష్టంగా తింటాయి. గింజ గట్టిది, కడుపులో అరగదు. పేడలో పడి, అందులోనే తేమా ఎరువూ దొరికి, మందలు నడిచిన దారంతా మొలుస్తుంది. మనం నాటాల్సిన పనే లేదు. జోధ్‌పూర్ సంస్థానంలో 1940లో దీన్ని రాజవృక్షంగా ప్రకటించారు. 1961 నుంచి కచ్‌లోని బన్నీ గడ్డిభూముల్లో ఉప్పు ఎడారి ముందుకు రాకుండా ప్రభుత్వమే నాటించింది. ఇప్పుడు అక్కడి పశుకాపరులు దాన్ని గాండో బావళ్ అంటారు. పిచ్చితుమ్మ అని. కెన్యాలో 1980లలో బరింగో ప్రాంతంలో నాటారు. 2006లో అక్కడి ఇల్చామస్ తెగవాళ్ళు ప్రభుత్వం మీద దావా వేశారు. తియ్యటి కాయలు తిని తిని పళ్ళు ఊడిపోయిన మేకను సాక్ష్యంగా కోర్టుకే పట్టుకొచ్చారు. ఆ తర్వాత అదే ప్రాంతంలో అదే చెట్టును కాల్చి బొగ్గులమ్మి బతకడమూ నేర్చారు. తమిళనాడులో దాని పేరు సీమై కరువేలం. 2017లో మద్రాసు హైకోర్టు మదురై బెంచి దాన్ని పీకిపారేయమంది. జనం ఊరూరా పారలు పట్టారు. కొన్ని నెలలకే హైకోర్టే ఆ పనిని ఆపించి, ముందు నిపుణులు పరిశీలించనీ అంది. ఒక్క చెట్టు గురించి మనుషుల మాట ఇన్ని మలుపులు తిరిగింది.

మన భాష ఈ విషయంలో నాకన్నా జాగ్రత్తగా ఉంది. పైదేశం నుంచి వచ్చినదానికి మన పెద్దలు ముందు ‘సీమ’ అని తగిలించారు. సీమచింత, సీమతంగేడు. దీన్ని మాత్రం సర్కారు కంప అన్నారు. ఎవరు తెచ్చారో మరిచిపోకుండా పేరులోనే రాసిపెట్టుకున్నారు. ఆ పేరు నేను పుట్టినప్పటినుంచీ వింటున్నాను, ఒక్కరోజూ దాన్ని చదవలేదు. తెచ్చింది సర్కారు. నేను దెబ్బకొట్టింది బొగ్గులవాళ్ళను.

పుట్టిల్లు వెతకడం మొదలుపెడితే అది ఎక్కడ ఆగుతుందో కూడా ఆ ఏడే తెలిసింది. బడి ఆవరణలో ఒక పాత సీమచింత ఉండేది. కంప పని అయ్యాక దాన్నీ కొట్టించాలని నా జాబితాలో రాసుకున్నా, మెక్సికో వైపుది కాబట్టి. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె లేచి, “సార్, చింతచెట్టు మనదేనా?” అని అడిగింది. మనదే, అన్నాను. ఇంటికెళ్ళి చూశాను. చింత ఆఫ్రికాది. ఎంత కాలం కిందట వచ్చిందంటే, అరబ్బులు దాన్ని మన దగ్గర చూసి భారతదేశపు ఖర్జూరం అని పేరు పెట్టుకునేంత. సీతాఫలం, జామ, బొప్పాయి, జీడిమామిడి, అన్నీ అమెరికా ఖండాల నుంచి వచ్చినవే. మా సంగటిలోకి ఊరిమిండి చేసే మిరపకాయ అక్కడిదే. మా సీమ రైతు ఏటా ఆకాశం వైపు చూస్తూ విత్తే వేరుశనగ కూడా దక్షిణ అమెరికాదే. నేను ఆ పిల్లకు మర్నాడు అందరి ముందూ నిజం చెప్పాను. సీమచింతను జాబితాలోంచి కొట్టేశాను. పిల్లలు ఇప్పటికీ దాని కాయలు రాళ్ళతో కొట్టుకుని తింటున్నారు.

అలాగని ఏ చెట్టయినా ఒకటే అని నేననడం లేదు. వేరుశనగ చేను గట్టు దాటదు. చింత చెరువులను పూడ్చదు. కంప దాటుతుంది, పూడుస్తుంది. దాని నీడన గడ్డి సరిగా లేవదు. వాగులో అడ్డం పడితే చెరువుకు చేరాల్సిన నీళ్ళు చేరవు. చెరువుల్లోంచి, వాగుల్లోంచి, మేతబీళ్ళలోంచి అది పోవాలనే నేనిప్పటికీ గట్టిగా అంటాను. ఎక్కడ పుట్టిందని కాదు, ఇక్కడ ఏం చేస్తోందని చూసి అంటాను. ఈ తేడా తెలుసుకోవడానికి నాకు 9 ఎకరాలూ, ఒక గుట్టా ఖర్చయ్యాయి.

ఇక ఆ 9 ఎకరాల సంగతి. మొదటి వానలకే పచ్చబడింది. తంగేడు వస్తుందనీ, రేగు వస్తుందనీ, గడ్డి వస్తుందనీ నేను చెప్పి ఉన్నాను. వచ్చింది కంపే. జేసీబీ చాలాచోట్ల మానును విరిచింది తప్ప మొదలును తీయలేదు. దాని కళ్ళు, అంటే చిగురు వచ్చే కణుపులు, నేలలోపల వేరుతల దగ్గర ఉంటాయి. పైన కోస్తే ఒక్క మాను స్థానంలో పది పుల్లలు లేస్తాయి. పైగా ఏళ్ళ తరబడి మట్టిలో దాగిన గింజలు తవ్వకానికి పైకి వచ్చాయి, పోటీ లేని ఎండ దొరికింది. రెండేళ్ళకు అది మునుపటికన్నా చిక్కగా, నడుమెత్తున, అంతా ముళ్ళే, బొగ్గుకు పనికొచ్చే లావు ఒక్కటీ లేకుండా నిలబడింది. చెడు మిగిలింది, కూడు పోయింది. ఆ మధ్యకాలంలో నాలుగు ఇళ్ళు బెంగళూరుకు కూలికి వలసపోయాయి.

ఇంత జరిగాక నేను మారానని అనుకున్నాను. మారలేదని తెలియడానికి ఇంకో చెట్టు కావాల్సొచ్చింది.

2016లో పట్నానికి దగ్గరి బడికి బదిలీ అయ్యాను. బోసి గోడలు, నీడ లేదు. నర్సరీలో కోనోకార్పస్ మొక్కలు ఇచ్చారు. సోమాలియా, యెమెన్ తీరాల చెట్టు. ఎండాకాలంలోనూ నిగనిగలాడుతుంది, చెప్పినట్టు పెరుగుతుంది. ఆ రోజుల్లో తెలుగు రాష్ట్రాల్లో ఏ రోడ్డు మధ్యన చూసినా అదే. నేనూ 32 మొక్కలు గోడ పొడవునా నాటించాను. ఎక్కణ్ణుంచి వచ్చింది, ఇక్కడేం చేస్తుంది అని మళ్ళీ అడగలేదు. పచ్చగా ఉంది, చాలు అనుకున్నా. నాలుగేళ్ళకు గోడంత నీడ వచ్చింది. పిల్లలు మధ్యాహ్నం పళ్ళేలు పట్టుకుని ఆ నీడనే వరసగా కూర్చునేవాళ్ళు. నేను 2020లో రిటైరయ్యాను.

తర్వాత గాలి మారింది. పుప్పొడితో అలర్జీ, ఉబ్బసం ఎక్కువవుతాయనీ, వేర్లు మురుగుకాల్వల్లోకి, పైపుల్లోకి పోతాయనీ మాటలు వచ్చాయి. తెలంగాణలో 2022లో నర్సరీల్లో వాటిని పెంచొద్దన్నారు. 2023లో గుజరాత్ ప్రభుత్వం నాటడాన్నే నిషేధించింది. ఆ ఏడు చివర్లో బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్ ఫోన్ చేశారు. “సార్, మీరు నాటించినవే కదా, ఏం చేయమంటారు? తల్లిదండ్రులు అడుగుతున్నారు.” నేను ఇంట్లో కుర్చీలో కూర్చునే, “వెంటనే కొట్టించేయండమ్మా, ఒక్కటీ ఉంచొద్దు” అన్నాను. నా చేతి తప్పును నా కంటి ముందు లేకుండా చేసుకోవాలన్న తొందర అది. పిల్లల్లో ఎవరికైనా ఆయాసం ఉందా అని అడగలేదు. పూత రాకముందే కత్తిరిస్తూ, వాటి పక్కన కానుగ, వేప పెట్టి, అవి ఎదిగాక వీటిని తీద్దాం అని చెప్పొచ్చు. నాకు తెలుసు కూడా. చెప్పలేదు.

2024 ఏప్రిల్‌లో ఏదో పని మీద ఆ బడికి పోయాను. మధ్యాహ్నం ఒంటిగంట. 32 మొద్దులు వరసగా. పిల్లలు పళ్ళేలు పట్టుకుని గోడ నీడ కోసం వెతుక్కుంటున్నారు. ఆ వేళకు గోడకు జానెడు నీడ కూడా ఉండదు. ఒక చిన్నవాడు పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని అన్నం కలుపుకుంటున్నాడు. నాకు నోట మాట రాలేదు. మొక్కను నాటేటప్పుడూ అడగలేదు, నరికేటప్పుడూ అడగలేదు. రెండుసార్లూ మంచి పని చేస్తున్నానన్న నమ్మకమే నా నోరు మూసింది. హెడ్‌మిస్ట్రెస్‌కు క్షమాపణ చెప్పాను. ఆమె పాపం, “మీరేం చేస్తారు సార్” అంది. ఆ వేసవిలోనే నా ఖర్చుతో తాటాకు పందిరి వేయించి, జులైలో కానుగ, వేప, నేరేడు పెట్టించాం. నేరేడు ఇప్పుడు నా భుజం దాకా వచ్చింది.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి పాత ఊరికి పోయాను. పెద్దమ్మ వాకిట్లో ఉంది, నడుం వంగింది. పదమూడేళ్ళ కిందటి ప్రశ్నను గుర్తుచేసి, ఇప్పుడు చెప్పు పెద్దమ్మా, ఆ కంపను ఏం చేద్దామని అడిగాను. ఆమె ఆలోచించుకోవడానికి అట్టే సేపు పట్టలేదు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు, అంతే. “అంతా ఒక్కతూరి తీస్తే మళ్ళా లేస్తాది. ఏడాదికి అరెకరా తియ్యాల. వాన పడినాక తియ్యాల, మట్టి మెత్తగుంటాది. మొదులు తవ్వినోళ్ళకే కట్టె ఇయ్యాల. తీసినకాడ ఏదోటి పెట్టి, కాయ రాలే దినాల్లో మేకలను రానీకూడదు. మిగతాది మాకు ఉండనీ.”

ఇప్పుడు అలాగే జరుగుతోంది. ముందు వాగు, తర్వాత చెరువు పక్కది. మిగిలిన ఏడు ఇళ్ళవాళ్ళే తవ్వుతారు, కట్టె వాళ్ళదే. గుబురుగా లేచిన పుల్లలను కత్తిరించి ఒక్కో మొదలుకు ఒక్క మాను వదిలితే అది లావెక్కుతుందనీ, అట్లా చేస్తే తక్కువ చోటులోనే బొగ్గుకు సరిపడా కట్టె వస్తుందనీ వాళ్ళే చూపించారు. తీసిన అరెకరాల్లో రేగు, కానుగ, నెమలినార పెట్టాం. సగం చచ్చాయి, సగం ఉన్నాయి. ఎవరూ నాటని తంగేడు మాత్రం వాగు ఒడ్డున దానంతటదే వచ్చింది.

పోయిన సెప్టెంబరులో వాన వెలిసిన మర్నాడు నేనూ గడ్డపార పట్టాను. ఒక మొదలు చుట్టూ మోకాలి లోతు గుంట తీసి, వేరు తెగ్గొట్టి, చెమట తుడుచుకుని, అయిపోయింది పెద్దమ్మా అన్నాను. ఆమె కట్టె ఊతగా గుంట అంచుకు వచ్చి వంగి చూసింది. కట్టె కొనతో ఒక పక్క మట్టిని గీరింది. ఎర్రమట్టిలో గోరంత పసుపుపచ్చ కన్ను.

“ఇంగా ఉండాది సారూ. తవ్వు.”